ఒక్క చదరపు మీటరు ఉన్నప్పుడే

గంగారం నుంచి సముద్రానికి పటం మీద గీత గీసి కొలిచినా రెండు వందల కిలోమీటర్లు దాటుతుంది. పాకాల అడవుల అంచున, కోయ పల్లెల మధ్య ఉన్న ఈ మహబూబాబాద్ జిల్లా మండలంలో సముద్రపు నాచు గొడవ ఎవరికి పడుతుంది? గుర్రపు డెక్క సంగతి ఎత్తితే మాత్రం ఎవరైనా నిలబడి మాట్లాడతారు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి, ఎటు పోయినా కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువుల దేశమిది. కట్ట ఎక్కి చూస్తే నీళ్లుండాల్సిన చోట పచ్చిక బయలు కనబడటం, దాని మీద కొంగలు తాపీగా నడిచిపోవడం ఇక్కడి వాళ్లకు వింత కాదు. వాన ముదిరి మత్తడి దుంకినప్పుడు ఆ పచ్చచాప ముక్కలై వాగులో పడి కింది చెరువుకు చేరుతుంది. పాకాల నీళ్లు మున్నేరై కృష్ణలో కలుస్తాయి, కృష్ణ హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. డెక్క ప్రయాణం అక్కడితో సరి. ఉప్పు తగిలితే అది బతకదు. అక్కడి నుంచి వేరే రకం చొరబాటుదార్లది రాజ్యం.

చెరువులో డెక్కకీ సముద్రంలో నాచుకీ చుట్టరికం ఏమిటని అడగొచ్చు. శాస్త్రం లెక్కలో అసలు లేదు. డెక్క పూలు పూసి గింజ కట్టే మొక్క. సముద్రపు నాచు వేరు, కాండం, పువ్వు ఏవీ లేని శైవలం. అయినా అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ప్రపంచంలోకెల్లా చెడ్డ వంద చొరబాటు జీవుల జాబితా వేసినప్పుడు అందులో గుర్రపు డెక్కతో పాటు రెండు సముద్రపు నాచులనూ చేర్చింది. ఒకటి ఉష్ణమండలపు కౌలెర్పా టాక్సిఫోలియా, రెండోది జపాన్, కొరియా వాళ్లు వకామే పేరుతో సూపుల్లో వేసుకునే ఉండారియా. మూడింటి జాతకాలూ ఒకేలా ఉంటాయి. ఎవరో ముచ్చటపడో, లాభానికో, తెలియకో సొంత ఊరి నుంచి దాటించారు. కొత్త చోట దాన్ని తినే పురుగో చేపో లేదు. డెక్క, కౌలెర్పాలైతే గింజ కోసం ఆగవు, తుంపు విరిగితే చాలు కొత్త మొక్క అయిపోతుంది. నీళ్లలో తిండి ఎలాగూ ఉండనే ఉంది.

జీవవైవిధ్యంపై ప్రభుత్వాల ఉమ్మడి శాస్త్ర వేదిక ఐపీబీఈఎస్ 2023లో ఇచ్చిన నివేదిక ప్రకారం, మనిషి ఒకచోటి నుంచి ఇంకోచోటికి దాటించి కుదురుకున్న జీవజాతులు 37 వేలకు పైగా ఉన్నాయి. వాటిలో నిజంగా హాని చేస్తున్నవి మూడున్నర వేల పైచిలుకు. ఆ హాని విలువ 2019 నాటికే ఏడాదికి 42,300 కోట్ల డాలర్లు దాటింది. అంటే వచ్చిన ప్రతి పది జాతుల్లో తొమ్మిది గుట్టుగా కాపురం చేసుకుంటున్నాయన్నమాట. ఆ మాటకొస్తే మిరపకాయ, టమాటా, వేరుశనగ కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చినవే, అవి లేని తెలుగు వంటిల్లు ఊహకే అందదు. పరాయిదైతే చాలు చెడ్డదే అనుకోవడం తప్పు. ఇంకో సంగతి, మన చెరువుల అడుగున పెరిగే పునాచు, శాస్త్రవేత్తలు హైడ్రిల్లా అనేది, ఇక్కడ చేపలకు మేత, నీడ. అదే 1950లలో అక్వేరియం వ్యాపారుల చేతుల మీదుగా అమెరికాలోని ఫ్లోరిడా చేరి, అక్కడి సరస్సుల్ని పట్టి పీడిస్తోంది. వాళ్లకు అది మన డెక్క లాంటిది.

డెక్కను ఒకసారి చేతిలోకి తీసుకుని చూడాలి. ఆకు గుర్రపు గిట్టలా గుండ్రం, అందుకే ఆ పేరు. కాడ అడుగున ఉబ్బిన గడ్డ ఉంటుంది, నొక్కితే స్పాంజిలా మెత్తగా, చీల్చితే నిండా గాలి అరలు. దాన్ని తేల్చేది ఆ గాలే. కింద నల్లగా ఊదా ఛాయలో ఈకల్లాంటి వేళ్లు. పక్కకు ఒక తీగ సాగి దాని కొసన పిల్లమొక్క, ఆ పిల్లకు మళ్లీ పిల్ల. పువ్వు నిజంగా అందగత్తె, లేత ఊదా రేకులు, పై రేకు మీద నెమలికన్ను లాంటి పసుపు చుక్క. ఆ అందమే కొంప ముంచింది. పువ్వు వాడాక కాడ వంగి నీళ్లలోకి తల దించుకుంటుంది, గింజలు అక్కడే ముదిరి బురదలో పడతాయి. అవి పదేళ్లు దాటినా మొలకెత్తే శక్తితో ఉంటాయి. వెచ్చని నీళ్లూ మురుగు పోషకాలూ దొరికితే రెండు వారాల్లోపే గుంపు రెట్టింపవుతుంది. ఒక్క మొక్క పదిహేను రోజులకు రెండు, నెలకు నాలుగు అనుకున్నా, ఆరు నెలలకు నాలుగు వేలు దాటుతాయి. మొదటి రెండు నెలలు ఎవరి కంటా పడదు, చివరి రెండు నెలల్లో చెరువు మాయమవుతుంది.

పుట్టిల్లు అమెజాన్ పరీవాహకం. 1884లో అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ పత్తి ప్రదర్శనలో దీన్ని పంచిపెట్టారని ప్రసిద్ధి. పందొమ్మిదో శతాబ్దం చివరికి బెంగాల్ చేరింది. అక్కడ పడవలు ఆగిపోయాయి, వరిపొలాలు మునిగాయి, దోమలు పెరిగాయి. 1921లో ప్రభుత్వం దీని మీద ఒక కమిటీ వేసి, దానికి జగదీశ్ చంద్ర బోస్ అంతటి వాణ్ణి పెద్దగా పెట్టింది. 1936లో బెంగాల్ శాసనసభ ప్రత్యేకంగా గుర్రపు డెక్క చట్టమే చేసింది, ఎవరి నీళ్లలో డెక్క ఉంటే వాళ్లే తీయాలని. మరుసటి ఏడాది ఎన్నికల్లో డెక్క నిర్మూలన ఒక వాగ్దానం. కలుపు మొక్క ఎన్నికల హామీ అయిన సందర్భాలు చరిత్రలో ఎక్కువ ఉండవు. ఇంత చేసినా బెంగాల్ నీళ్లలో ఇవాళ్టికీ డెక్క తేలుతూనే ఉంది.

ఇలాంటి ఆహ్వానాలు తెలుగు నేల మీదా జరిగాయి. చెరువు శిఖాల్లో ముళ్లకంచెలా అల్లుకుపోయిన సర్కారు తుమ్మ 1877లో కడప జిల్లా కమలాపురంలో అటవీశాఖ నాటిన జమైకా గింజలతో మొదలైంది. పేరులో సర్కారు ఊరికే రాలేదు. చెరువు గట్టున లొట్టపీసు, బీడు నిండా వయ్యారిభామ, అన్నీ అమెరికా ఖండాల వలసలే. 2015 మార్చిలో మొదలైన మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువుల పునరుద్ధరణ తలపెట్టినప్పుడు, కట్టల మీద కూలీలకు ముందుగా ఎదురైంది పూడికమట్టి కన్నా ఈ ముళ్లూ పొదలే.

చెరువు మూసుకుపోతే నష్టపోయేది ఎవరు? ముందు చేపల వాళ్లు. గంగపుత్రులూ ముదిరాజులూ వల విసరడానికి నీళ్లు కనబడవు, తెప్ప ముందుకు కదలదు, వల డెక్కలో చిక్కి చిరుగుతుంది. చాప కింద వెలుతురు పోదు, గాలి కలవదు. రవ్వ, బొచ్చె లాంటివి ఊపిరాడక తేలిపోతాయి. తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను మాత్రం నీటి పైకి తల ఎత్తి గాలి పీల్చుకోగలదు కాబట్టి తట్టుకుంటుంది. డెక్క కింద కొర్రమీను బాగానే ఉంటుందని చేపల వాళ్లు చెప్పే మాటలో నిజం ఉంది. కాకపోతే సొసైటీ చెరువులో పోసేది ఎక్కువగా రవ్వ, బొచ్చె పిల్లల్నే. తర్వాతి వంతు రైతుది. తూము దగ్గర డెక్క అడ్డుపడితే ఆయకట్టు చివరి మడికి నీళ్లు అందవు. ఆ పైన దోమలు. మాన్సోనియా అనే జాతి దోమ పిల్లలు నీటి పైకి రాకుండా డెక్క, అంతరతామర వేళ్లకు గొట్టం గుచ్చి గాలి తీసుకుంటాయి. కేరళలోని చేర్తల ప్రాంతంలో బోదకాలు వ్యాప్తికి ఈ దోమే కారణమని తేలాక, అక్కడ అంతరతామరను ఏరేయడం బోదకాలు నివారణ పనుల్లో ఒకటైంది.

ఇక తీసేసే పద్ధతులు. అందరికీ తెలిసినది చేత్తో లాగడం. నడుము లోతు నీళ్లలో దిగి, వెదురుకు కొక్కెం కట్టి, చాపను ముక్కలు చేసి గట్టుకు ఈడ్చాలి. చూడటానికి తేలికే, మోయడానికి కాదు. డెక్క బరువులో పది వంతుల్లో తొమ్మిది వంతుల పైనే నీళ్లు. హెక్టారు చాప వందల టన్నులు తూగుతుంది. తీరా గట్టెక్కించాక ఎండే దాకా ఎత్తేసేవాడు ఉండడు. గట్టు వాలులోనే కుప్ప పోసి, బిల్లు పాసయ్యాక అందరూ ఇంటికి పోతారు. తొలకరి వానకు ఆ కుప్పలోంచి పచ్చిగా మిగిలిన తుంపులు మళ్లీ నీళ్లలోకి జారతాయి. హైదరాబాద్ చెరువుల్లో తిరిగే తేలియాడే యంత్రాలు ఈ పనినే వేగంగా చేస్తాయి, వాటికీ మొలకల నుంచి విముక్తి లేదు. మందు కొడితే డెక్క చస్తుంది, కానీ చచ్చిన చాప అడుగుకు దిగి కుళ్లి, నీటిలోని ఆక్సిజన్ అంతా తాగేస్తుంది. డెక్క మీద కోపంతో చేపల్ని చంపినట్టు. గడ్డిచేపను వదలమని సలహా ఇచ్చే వాళ్లుంటారు. అది పునాచును ఇష్టంగా తింటుంది, డెక్క వైపు పెద్దగా చూడదు.

దాన్ని తినే పని పెట్టుకున్నవి వేరే ఉన్నాయి. నియోకెటినా అనే ముక్కు పురుగులు రెండు రకాలు, ఒక్కోటి నాలుగైదు మిల్లీమీటర్లు. పగలు ఆకు మొదట్లో దాక్కుని రాత్రిపూట ఆకు మీద చిన్న చిన్న చదరపు గాట్లు పెడతాయి. పిల్ల పురుగులు కాడ లోపలికి సొరంగం తవ్వి మొవ్వును తినేస్తాయి. దక్షిణ అమెరికాకు చెందిన ఈ పురుగుల్ని 1980ల మొదట్లో బెంగళూరు శాస్త్రవేత్తలు తెప్పించి, మన పంటల్లో దేన్నీ ముట్టవని పరీక్షించి వదిలారు. బెంగళూరు చెరువుల్లో కొన్నింట మూడు నాలుగేళ్లలో డెక్క కుంగిపోయింది. మణిపూర్ లోక్‌తక్ సరస్సులోనూ, ఆఫ్రికాలో విక్టోరియా సరస్సులోనూ ఇవే పురుగులు పనిచేశాయి.

మరి తెలంగాణ చెరువుల్లో అదే మంత్రం ఎందుకు పారడం లేదు? కారణం చెరువులోనే ఉంది. ఈ పురుగుకు ఏడాది పొడవునా డెక్క కావాలి. మన చెరువు ఎండాకాలానికి ఎండిపోతుంది, లేదా మధ్యలో ఎవరో యంత్రం దింపి తుడిచేస్తారు, లేదా మందు కొడతారు. డెక్కతో పాటే పురుగూ పోతుంది. బురదలో గింజ మాత్రం మిగులుతుంది. వానలకు డెక్క మొలుస్తుంది, పురుగు మొలవదు. పైగా మురుగు కలిసిన నీళ్లలో డెక్క పెరిగే వేగాన్ని పురుగు అందుకోలేదు. అంటే పురుగు పనికిరానిదని కాదు. తొందరపడే వాళ్ల చేతిలో పనికిరాదు.

కేరళ కథ ఇందుకు మంచి జోడీ. అక్కడి వాళ్లు ఆఫ్రికన్ పాయల్ అని పిలిచే సాల్వీనియా అనే నీటి కలుపు మొక్క కుట్టనాడు పొలాల్నీ కాలువల్నీ కప్పేసింది. దాన్ని తినే పురుగు కోసం ప్రపంచమంతా చాలా ఏళ్లు వెతికి, తప్పు పురుగుల్ని వదిలి విఫలమైంది. తప్పు పురుగులు ఎందుకంటే మొక్క పేరే తప్పుగా రాసుకున్నారు, వేరే జాతి అనుకున్నారు. 1972లో దాన్ని సాల్వీనియా మొలెస్టా అనే కొత్త జాతిగా తేల్చాక, ఆగ్నేయ బ్రెజిల్‌లో దాని అసలు పుట్టిల్లు దొరికింది, అక్కడే అసలు పురుగూ దొరికింది. 1980లో ఆస్ట్రేలియాలోని మూండారా సరస్సులో వదిలితే ఏడాది తిరిగేసరికి వేల టన్నుల కలుపు కుళ్లి అడుగుకు చేరింది. ఆ బృందానికి 1985లో యునెస్కో సైన్స్ బహుమతి వచ్చింది. 1983లో త్రిశూర్ ప్రాంతంలో వదిలిన అదే పురుగు కొన్నేళ్లలో కేరళ రైతుల బరువు దించింది. పేరు సరిగ్గా రాసుకోవడం ఎంత పనో చూడండి. సముద్రపు నాచుల విషయంలో ఈ పేరు పెట్టే పని ఇంకా కష్టం, అందుకే ఈ కథ ఇక్కడ చెప్పుకోవాల్సి వచ్చింది.

డెక్కతో చాపలు, బుట్టలు అల్లి అమ్మడం గురించి పత్రికల్లో తరచూ ముచ్చటైన కథనాలు వస్తాయి. అస్సాంలోని దీపర్ బీల్ దగ్గర మత్స్యకార కుటుంబాల అమ్మాయిలు చేసిన యోగా చాప అలాంటిదే, మెచ్చుకోవాల్సిందే. నలుగురికి కూలి దొరుకుతుంది. చెరువు బాగుపడుతుందని మాత్రం ఆశ పెట్టుకోకూడదు. పచ్చి డెక్క వంద కిలోలు ఎండితే పది కిలోలు కూడా మిగలదు, అల్లికకు పనికొచ్చేది అందులో పొడవాటి కాడలే. మూసీ లాంటి నీళ్లలో పెరిగిన డెక్క లోహాల్ని పీల్చుకుని ఉంటుంది కాబట్టి పశువులకు వేయడమూ మంచిది కాదు.

వరంగల్ నడిబొడ్డున ఉన్న భద్రకాళి చెరువులో 2024 నవంబరులో ఇంకో దారి పట్టారు. చెరువు నీళ్లన్నీ బయటికి వదిలేసి పూడిక తీయడానికి పూనుకున్నారు. డెక్కను బతికున్నప్పుడు లాగే బదులు దాని కింద నీళ్లనే లాగేయడం. గింజలున్న బురద కూడా మట్టితో పాటే పోతుంది కాబట్టి ఆలోచనలో బలం ఉంది. అయితే నగరం మురుగు మళ్లీ అందులోకే వస్తే కొత్త నీళ్లు కొత్త డెక్కకు పురుడు పోస్తాయి. మురుగు ఆపకుండా డెక్క తీయడం, కుళాయి విప్పి ఉంచి నేల తుడవడమే.

కృష్ణా, గోదావరుల నడుమ కొల్లేరు దగ్గరికి వస్తే చెరువు కథ సముద్రం కథను తాకుతుంది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీళ్లు కొల్లేట్లో నిలిచి, ఉప్పుటేరు గుండా బంగాళాఖాతంలోకి పోవాలి. 1999లో అభయారణ్యం, 2002లో రామ్‌సర్ గుర్తింపు, 2006లో చేపల చెరువుల గట్లు పగలగొట్టిన ఆపరేషన్ కొల్లేరు, అన్నీ జరిగాయి. డెక్క మాత్రం వంతెనల దగ్గర పేరుకుని వరద నీటికి అడ్డం పడుతూనే ఉంది. ఉప్పుటేరు పోటు నీళ్లు తగిలే చోటికి వచ్చేసరికి ఆకులు ఎర్రబడి చస్తాయి. డెక్క ఆగిన చోట సముద్రం మొదలు.

సముద్రంలో కథ ఎలా నడుస్తుందో చెప్పడానికి రెండు ఊళ్లు చాలు. మధ్యధరా ఒడ్డున మొనాకోలో సముద్ర మ్యూజియం ఉంది. 1984లో ఆ భవనం గోడ కిందే సముద్రం అడుగున కౌలెర్పా టాక్సిఫోలియా ఒక చదరపు మీటరు మేర కనబడింది. జర్మనీ స్టట్‌గార్ట్ జంతుప్రదర్శనశాల అక్వేరియంలో చలిని తట్టుకునేలా పెరిగిన రకం అది, చేతులు మారి మొనాకో తొట్టెలకు వచ్చింది. అలెగ్జాండర్ మైనెజ్ అనే శాస్త్రవేత్త మొత్తుకుంటూనే ఉన్నాడు. ఇది తొట్టె నుంచి జారిందా, ఎర్ర సముద్రం నుంచి తనంతట తాను వచ్చిందా అని పండితులు ఏళ్ల తరబడి వాదించుకున్నారు. 1989 నాటికి అది హెక్టారైంది. 1990ల చివరికి వేల హెక్టార్లు. ఈ నాచులో మనిషి కంటికి ఆకులా, కాండంలా కనిపించేదంతా ఒకే ఒక్క కణం. తుంపితే గాయం మూసుకుని మళ్లీ పెరుగుతుంది. చేపల వాళ్ల లంగర్లకూ వలలకూ తుంపులు తగులుకుని ఊరూరా తిరిగాయి. ఒంట్లో విషం ఉండటంతో అక్కడి చేపలు ముట్టుకోలేదు. ఆ తర్వాతి కాలంలో చాలాచోట్ల అదే తగ్గిపోయింది, ఎందుకో ఎవరూ నిర్ధారించలేకపోయారు.

రెండో ఊరు కాలిఫోర్నియాలోని కార్ల్స్‌బాడ్. 2000 జూన్‌లో అక్కడి ఉప్పునీటి కయ్యలో సముద్రగడ్డిని సర్వే చేస్తున్న డైవర్లకు అదే నాచు కనబడింది. వాదన పెట్టుకోలేదు. పదిహేడు రోజుల్లో పని మొదలైంది. నాచు ఉన్న ప్రతి మడి మీదా నల్లటి ప్లాస్టిక్ పట్టా కప్పి, అంచులకు ఇసుక బస్తాలు పెట్టి, లోపలికి క్లోరిన్ పంపారు. ఆరేళ్లు కాపు కాసి, 2006లో నిర్మూలన పూర్తయిందని ప్రకటించారు. ఖర్చు 70 లక్షల డాలర్ల పైమాట. ఒకే నాచు, ఒకే లక్షణాలు. తేడా ఎక్కడ వచ్చిందో వేరే చెప్పనక్కర్లేదు. కౌలెర్పా జాతి నాచులు విశాఖ రాళ్ల మీద సహజంగానే ఉంటాయి, వాటిని చూసి కంగారు పడాల్సిన పని లేదు. ఇక్కడ వాటిని తినేవి ఉన్నాయి.

న్యూజిలాండ్‌కు ఉండారియా 1980లలో వచ్చింది, ప్రధాన దీవుల్లో దాన్ని ఆపలేకపోయారు. చాతమ్ దీవుల దగ్గర మాత్రం ఒక పట్టుదల కథ ఉంది. 2000లో అక్కడ మునిగిన చేపల ఓడ ఒకటి ఉండారియాను అంటించుకునే వచ్చింది. డైవర్లు ఓడ అడుగు పొడవునా చెక్కపెట్టెలు అయస్కాంతాలతో అతికించి, లోపలి నీళ్లను కాచి, పెట్టె పట్టని మూలల్లో మంట పెట్టి, బీజాణువులతో సహా చంపారు. ఒక ఓడకు అంత పని. సముద్రమంతా అంటుకున్నాక ఏ పెట్టె సరిపోతుంది?

ఇక తెలుగు తీరానికి దగ్గరి కేసు మన్నార్ సింధుశాఖ. ఐస్‌క్రీమ్, టూత్‌పేస్ట్ చిక్కబడటానికి వాడే కారజీనన్ అనే జిగురు కప్పాఫైకస్ అనే నాచులో ఉంటుంది. ఫిలిప్పీన్స్ నాచు ఇది. భావనగర్‌లోని కేంద్ర ఉప్పు, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ 1984లో దీన్ని దేశానికి తెచ్చి, జాగ్రత్తగా పెంచి చూసి, 1990లలో రామనాథపురం జిల్లా మండపం దగ్గర సముద్రంలో సాగు మొదలుపెట్టింది. వెదురు తెప్పకు తాళ్లు కట్టి, తాడుకు తుంపులు ముడివేస్తే, నలభై అయిదు రోజులకు కోతకొస్తుంది. మత్స్యకార మహిళలకు చేతిలో డబ్బు ఆడింది, అది చిన్న విషయం కాదు. 2005లో తమిళనాడు ప్రభుత్వం అక్కడి మెరైన్ నేషనల్ పార్కుకు దూరంగా సాగు చేసుకోవాలని హద్దులు గీసింది. 2008లో మదురై పరిశోధకులు కురుసడై దీవి పగడాల మీద ఈ నాచు ఎక్కి కూర్చుందని కరెంట్ సైన్స్ పత్రికలో రాశారు. బతికున్న పగడాన్ని ఎండ తగలకుండా కప్పేస్తే అది తెల్లబడి చస్తుంది. చిన్న ముక్కలు వదిలేసినా మళ్లీ పెరుగుతోంది కాబట్టి చేత్తో ఏరడం ఏళ్ల తరబడి సాగింది. తెచ్చిన సంస్థ శాస్త్రవేత్తలు వ్యాప్తి స్వల్పమని, అదుపులోనే ఉందని వాదించారు. రెండు పక్షాల పత్రాలు చదివితే ఒక విషయం మాత్రం తెలుస్తుంది. సాగుకు ముందు ఆ దీవుల అడుగున ఏమేముందో ఎవరి దగ్గరా నిక్కచ్చి పటం లేకపోవడం వల్లే వాదన అంత సాగింది. హవాయిలో ఇదే నాచును 1974లో కనియోహె అఖాతంలో పెట్టినప్పుడు అది లోతు దాటి పోదని నమ్మారు. ఇరవై ఏళ్లకు ఆరు కిలోమీటర్లు పాకింది. ఇప్పుడు అక్కడ పడవ మీది పంపుతో నాచును పీల్చి తీసి, హేచరీలో పెంచిన ముళ్లబంతుల్లాంటి సముద్రపు అర్చిన్‌లను ఆ చోట వదులుతున్నారు. మిగిలిన మొలకల్ని అవి మేస్తాయి. సముద్రంలో ఇప్పటిదాకా కాస్త నిలిచిన పద్ధతుల్లో ఇదొకటి.

ఇదంతా ఇప్పుడు తెలుగు వాళ్లకు ఎందుకు? 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో సముద్రపు నాచు సాగుకు 640 కోట్ల రూపాయలు కేటాయించారు. రామనాథపురంలో నాచు పార్కుకు పూనుకున్నారు. వెయ్యి కిలోమీటర్ల తీరం ఉన్న ఆంధ్రప్రదేశ్‌నూ ఈ సాగు వైపు నడిపిస్తున్నారు. గోదావరి, కృష్ణ ముఖద్వారాల దగ్గర వానాకాలం ఎర్రనీళ్లు, ఉప్పు తగ్గుదల ఈ నాచుకు పడవు కాబట్టి అక్కడ పాకే ప్రమాదం తక్కువే అనుకోవచ్చు, సాగూ అంతంతే. విశాఖ, భీమిలి వైపు రాతి తీరం వేరు. అక్కడ నీళ్లు తేట, పట్టుకోవడానికి రాయి ఉంది, స్థానిక నాచులు ఎప్పటి నుంచో కాపురం ఉన్నాయి. ఆంధ్రా యూనివర్సిటీ వృక్షశాస్త్రజ్ఞులు వాటి మీద ఏళ్ల తరబడి పనిచేశారు. జాగ్రత్త అవసరమైంది ఆ రాతి తీరంలోనే.

విదేశీ జీవాన్ని తెచ్చుకుని బాగుపడ్డ అనుభవమూ ఆంధ్రకు ఉంది. 2009లో అనుమతి వచ్చిన వనామీ రొయ్య తల్లులు చెన్నైలోని క్వారంటైన్ కేంద్రంలో పరీక్ష దాటాకే హేచరీకి వెళ్తాయి. నాచుకూ ఆ దారి ఉండాలని కేంద్ర మత్స్యశాఖ 2024 అక్టోబరులో బతికున్న సముద్రపు నాచు దిగుమతికి మార్గదర్శకాలు ఇచ్చింది, క్వారంటైన్‌తో సహా. ఆలస్యమైనా సరైన అడుగే. దొడ్డిదారి మాత్రం అలాగే ఉంది, దాని పేరు అక్వేరియం. తొట్టెలు శుభ్రం చేసే చేప అని కొనుక్కుని పెరిగాక కాలవలో వదిలేసిన డెవిల్ ఫిష్ ఇవాళ కృష్ణా, తూర్పు కనుమల జలాశయాల్లో వలలు కోసేస్తోంది. అది ఎక్కడికి పాకిందో నీటిలోని డీఎన్‌ఏ ఆనవాళ్లతో వెతికే పద్ధతిని హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు తయారుచేశారు. బకెట్టు నీళ్లతో పనైపోయే అలాంటి పరీక్ష నాచులకూ వస్తే, మొనాకో గోడ కింది మొదటి చదరపు మీటరు లాంటిది ఇకపై దాగలేదు.

చెరువుకూ సముద్రానికీ ఒక తేడా ఉంది. మన చెరువు ప్రతి వేసవికీ కుంచించుకుపోయి, మే చివరికి తూము దగ్గర మడుగులోకి వస్తుంది. వేల మొక్కల డెక్క అప్పుడు ఆ మడుగులో పదులకు దిగుతుంది. ఉమ్మడి వరంగల్ జిల్లా చెరువుల మీద డెక్క తీసే డబ్బు ఎక్కువగా వర్షాకాలం తర్వాత, పచ్చచాప పరుచుకున్నాక ఖర్చవుతుంది. రోహిణి కార్తెలో ఇద్దరు మనుషులు ఒక్క పూట ఏరితే చాలిన పని, కార్తీకం నాటికి యంత్రం కూడా పట్టని పని అవుతుంది. సముద్రం ఎప్పుడూ మడుగుకు దిగదు. అక్కడ మే నెల అంటూ లేదు.

కాబట్టి అడగాల్సింది రెండే. గంగారం చుట్టుపక్కల చేపల సొసైటీలు మృగశిర వానలకు ముందే తూము మడుగు ఏరి, ఏరిన డెక్కను కట్ట దాటించి ఎండబెట్టాలి. విశాఖ వైపు మొదటి నాచు తెప్ప నీళ్లలో దిగే ముందే, అక్కడి రాళ్ల మీద ఇవాళ ఏ నాచు ఎంత ఉందో ఫొటోలతో సహా రాసి పెట్టుకోవాలి. ఒక పడవ, నీట మునగగలిగిన ఇద్దరు, ఒక కెమెరా, ఏటా ఒక వారం దానికి చాలు.